తాతయ్య నవ్వు షాట్

కదలకూడదు. ముక్కుల్లో దూది పెట్టగానే తుమ్ము రావడం నాకు కొత్త కాదు. నాలుకను అంగిటికి నొక్కిపెట్టి, చిన్నప్పటి నాటకంలోని పద్యమేదైనా మనసులో పాడుకుంటే అదే వెనక్కి పోతుంది. ఎన్నిసార్లు చచ్చి ఉంటాను నేను? కోడలు పాలల్లో ఏదో కలిపితే చచ్చాను, కొడుకు పెళ్ళి చూసి సంతోషం పట్టలేక చచ్చాను, మెట్ల మీంచి దొర్లి చచ్చాను, ఒక సీరియల్లో అయితే చచ్చిపోయాక ఆడవాళ్ళు ఛానల్‌కి ఫోన్లు చేసి గోల పెడితే కవల చెల్లెలినై తిరిగొచ్చాను. కుసుమకుమారి శవంగా పడుకుంటే రెప్ప కూడా కదలదని ఫిల్మ్‌నగర్‌లో చెప్పుకుంటారు. అదీ ఒక పేరేనా అని మా ఆయన వెక్కిరించేవాడు. పేరు పేరే, తెచ్చుకోమనండి చూద్దాం. మొహానికి పసుపు రాసి పెద్ద బొట్టు పెట్టారు, కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి దారం చుట్టారు, దవడ కింద నుంచి నడినెత్తికి గుడ్డ కట్టేశారు. బొట్టు పెట్టబోతూ మేకప్ భిక్షం కాసేపు చెయ్యి ఆపాడు. మా ఆయన శ్రావణంలో పోయాడు, ఇది కార్తీకం, నేనేమో ముత్తైదువ శవాన్ని. "పెట్టవయ్యా, శవానికేం పట్టింపు" అన్నాను. "గట్లనకుండ్రి అమ్మా, మంచిగుండది" అన్నాడు పాపం. మంచిగా ఉండనిదేదో మా ఇంట్లో అయిపోయింది కదా, ఇక్కడ కొత్తగా ఏమవుతుంది.

చీర చెంగు ఎగరకుండా ఫ్యాన్ ఆపేశారు. వీపు కింద చాప తడిగా ఉంది. ఈ బంగళా ఫిల్మ్‌నగర్ కొండ మీద ఉంది, షూటింగులకి కిరాయికివ్వడమే తప్ప దీంట్లో ఎవరూ కాపురమున్న పాపాన పోలేదు. ఈ హాల్లో నేను కూతుళ్ళకి పెళ్ళిళ్ళు చేశాను, కోడళ్ళని గెంటేశాను, గెంటేసిన కోడలి కాళ్ళు పట్టుకున్నాను. ఆ మూల పూజగదిలో ఫైబర్‌తో చేసిన వెంకటేశ్వరస్వామి ఉన్నాడు, కథ మారితే ఆయన్ని తీసి దుర్గమ్మని పెడతారు. పొద్దున్న రాగానే విశాలి ఆయన ముందు నిలబడి, "నానమ్మా, ఈయన నిజం దేవుడా, ఆర్ట్ డిపార్ట్‌మెంట్ దేవుడా?" అని అడిగింది. విశాలి మా మనవరాలు. ఆరేళ్ళు. కార్తీక పౌర్ణమికి బడి లేదు, దాని అమ్మ శాంతకి ఎర్రగడ్డలో మందుల షాపు ఉద్యోగానికి సెలవు లేదు, నా కొడుకు ప్రభాకర్‌కి డబ్బింగ్ థియేటర్లో పని ఎప్పుడూ ఉంటుంది, అందుకని నాతో తెచ్చుకున్నాను. "దండం పెట్టుకునే వాళ్ళని బట్టి ఉంటుందే" అన్నాను అప్పటికి. నిజమే కదా, లైట్‌బాయ్‌లు ఫస్ట్ షాట్‌కి ముందు ఆ ఫైబర్ దేవుడికే కర్పూరం వెలిగిస్తారు, కళ్ళు మూసుకుని మరీ మొక్కుతారు. అప్పుడు తేలిగ్గా అనేశాను. ఇప్పుడు అంత తేలిగ్గా లేదు. నా దవడకి గుడ్డ కట్టే ముందు అది వచ్చి, నా చెవి దగ్గర కూర్చుని, చేతులు అడ్డం పెట్టుకుని రహస్యంగా చెప్పింది. "నానమ్మా, భయపడకు. అయిపోగానే నేనే పిలుస్తా. తాతయ్యని మర్చిపోయినట్టు నిన్ను మర్చిపోనియ్యను." జవాబు చెప్పేలోపు భిక్షం గుడ్డ బిగించేశాడు. అప్పటి నుంచి ఇలా పడి ఉన్నాను, నోరు కట్టేసుకుని, ఆ మాట చెవిలో పెట్టుకుని.

"సైలెన్స్!" అదుగో. ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ పోయి ఆగారు. ముందు పెద్దకోడలి రియాక్షన్ అట. మా సీరియళ్ళలో ఒక శవానికి బోలెడు రియాక్షన్లు. కెమెరా వాళ్ళ మొహాల మీద ఉన్నంతసేపూ నేను ఊపిరి పీల్చుకోవచ్చు, పొట్ట మీద పెద్ద దండ వేసేది అందుకే, పొట్ట లేచి పడినా పూలే కదులుతాయి. నా క్లోజప్ చివర్న ఉంటుంది. అప్పుడు మాత్రం బిగబట్టాలి. అది అవగానే నవ్వు షాట్. అదీ ఇక్కడి ఆచారం. శవం సీను తీశాక ఆ శవం లేచి, కెమెరాలోకి చూసి నవ్వాలి. ఆ నవ్వు ఎక్కడా వాడరు, టీవీలో వేయరు, అయినా తీస్తారు. చచ్చినట్టు తీసిన కెమెరాతోనే బతికున్నట్టు కూడా తీసేస్తే దోషం పోతుందని. దేవుడు లేడని స్టేజీలెక్కి ఉపన్యాసాలిచ్చే డైరెక్టర్ కూడా ఈ నవ్వు షాట్ తీయకుండా ప్యాకప్ చెప్పడం నేను చూడలేదు. పిల్లలు పుట్టిన దగ్గర్నుంచి షూటింగుల్లో పెరిగితే ఏమవుతుందో చెప్పనా? చావు అంటే వాళ్ళకి సగం పని. మిగతా సగం నవ్వడం.

మా ఆయనే అలవాటు చేశాడు దానికి. రహమత్‌నగర్‌లో మా రెండో అంతస్తు వాటాలో, ఆదివారం అన్నాలయ్యాక ఆయన చాప మీద వెల్లకిలా పడుకునేవాడు. కుడి భుజం నొప్పి, పెద్ద పెద్ద తెరలకి రంగులేసి వేసి పట్టేసింది, పక్కకి తిరిగి పడుకోలేడు. ఇది తువ్వాలు తెచ్చి కప్పేది, రెండు వైపులా చేతులు సరిచేసేది, నా అగరొత్తుల స్టాండు తెచ్చి తల దగ్గర పెట్టేది. "యాక్షన్" అనేది. ఆయన నటన చూడాలి, నాటకాల వాళ్ళింట్లో అల్లుడయ్యాడు గానీ ఒక్క ముక్క అబ్బలేదు, పొట్ట ఎగిరెగిరి పడేది, మీసం వణికేది. ఇది ఎంతసేపో ఆగేది కాదు. "టేక్ ఓకే! తాతయ్యా, నవ్వు షాట్!" అనగానే లేచి కూర్చుని, తాంబూలం పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేవాడు. ఒక్కోసారి కావాలని లేచేవాడు కాదు. అప్పుడు దాని గొంతు మారేది. "తాతయ్యా... తాతయ్యా..." అరికాలు గీకేది. ఇక ఏడుస్తుందనగా లేచి పట్టుకునేవాడు. పిల్లని ఏడిపించకండి అని నేను వంటింట్లోంచి కేకలేసేదాన్ని. ఎంత ముద్దుగా ఉండేదో ఆ ఆట.

"కట్! ఇంకొక్కటి చేద్దాం. ఏడుపు ముక్కులోంచి కాదమ్మా, లోపల్నుంచి రావాలి." ఇది డైరెక్టర్ చంద్రశేఖర్. మంచివాడే, ఏడుపు పిచ్చి ఎక్కువ. పెద్దకోడలు పిల్ల కొత్తది, గ్లిజరిన్ లేకుండా కన్నీళ్ళు రావు, పాపం ఎవరూ పోలేదేమో ఇంకా దానికి. విశాలి మానిటర్ పక్కన స్టూల్ మీద ఉంది. దాని పట్టీల చప్పుడు నాకు వినపడుతుంది, కాళ్ళు ఊపుతోంది. మా ఆయన పోయిన రోజు అది బడి నుంచి వచ్చేసరికి మా హాల్లో ఇలాగే ఉంది అంతా. చాప, తల దగ్గర దీపం, ముక్కుల్లో దూది, కట్టిన బొటనవేళ్ళు. గుమ్మంలో నిలబడి చూసింది. ఏడవలేదు. చిన్నపిల్ల, దానికేం తెలుస్తుంది అన్నారందరూ. దానికి తెలియకపోవడమేమిటి, అందరికంటే బాగా తెలుసు, ఏం చేయాలో కూడా తెలుసు, షాట్ అయ్యేవరకూ ఆగుదామనుకుంది. ఈలోపు కింద వాటాలో కిరాయికుండే దేవమ్మ వచ్చి దాన్ని ఎత్తుకుంది. "దా బిడ్డా, గీడ నీకేం పని, అటుకులు పెడత దా" అంటూ తీసుకుపోయింది. దేవమ్మది తప్పు కాదు, పిల్లలు చూడకూడదని అందరూ అనుకునేదే. ఇది రానని గింజుకుంది, దేవమ్మ భుజం కొరికింది కూడా. సాయంత్రం పైకి వచ్చేసరికి చాప లేదు, హాలు కడిగేసి ఉంది, దీపం ఒక్కటే ఉంది.

తాతయ్య ఏడీ అంది. శాంత దాన్ని దగ్గరికి తీసుకుని, "తాత స్వర్గానికి పోయిండు బిడ్డా" అంది. ఇది తల ఎత్తి, "ఏ ఫ్లోర్?" అంది. నాకు నవ్వొచ్చింది. అంత దుఃఖంలో, ఇంటి నిండా బంధువులు ఉండగా, నేను పకపకా నవ్వాను. తెనాలి నుంచి వచ్చిన మా ఆడపడుచు నాకు మతి పోయిందనుకుని నీళ్ళు తెచ్చింది. మరి స్వర్గమంటే దానికి స్టూడియోలో సెట్ వేసే ఫ్లోరే కదా. ఇండస్ట్రీ మద్రాసు నుంచి ఇక్కడికి మారినప్పుడు ఒక ట్రంకు పెట్టె, బ్రష్‌ల కట్ట పట్టుకుని వచ్చినవాడు మా ఆయన వెంకటాచలం. ఇంద్రసభలు, వైకుంఠాలు, కైలాసాలు, ఎన్నిటికి రంగులేశాడో. పోయిన ఏడాది ఒక భక్తి సీరియల్‌కి స్వర్గం వేస్తుంటే దీన్ని తీసుకెళ్ళాడు. పొగ మిషన్ పెట్టగానే ఇది జడుసుకుని ఏడ్చిందట. అప్పుడు ఎత్తుకుని తెర వెనక్కి తీసుకెళ్ళి చూపించాడట. వెనక అన్నీ వెదురుకర్రలు, మేకులు, ప్లైవుడ్, ఫెవికాల్ వాసన. "ఇదేనే తల్లీ స్వర్గం, భయమెందుకు" అన్నాడట. అది ఇంటికొచ్చి వారం రోజులు చెప్పింది, స్వర్గానికి ముందరే రంగుంటుంది, వెనకాల ఉండదు అని. ఇంత తెలిసిన పిల్లకి, దేవుడి దగ్గరికి వెళ్ళాడని చెప్పి ఊరుకుంటే ఊరుకుంటుందా?

ఊరుకోలేదు. అది నాకు ఈ రోజు తెల్లారాకే తెలిసింది. నేను తల దువ్వుకుంటున్నాను, ఇది స్నానం చేసి దేవుడి అలమర ముందు నిలబడింది. రోజూ నిలబడుతుంది, శాంతే నేర్పింది, మంచి అలవాటేగా అని నేనూ పట్టించుకోలేదు. ఏం మొక్కుతుందో ఎప్పుడూ వినలేదు. ఇవాళ విన్నాను. "దేవుడా, తాతయ్యని నువ్వన్నా పిలువు. ఆ రోజు నన్ను దేవమ్మవ్వ ఎత్తుకపోయింది, అందుకే పిలవలే. వాళ్ళెవ్వరికీ గుర్తులేదు. నాకు గుర్తుంది, కానీ నేను లేను. నాదే తప్పు. నువ్వు పిలిస్తే లేస్తడు. నేను ఇంక దేవమ్మవ్వని కొరకను. చాక్లెట్ తినను." అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, ఇన్నాళ్ళుగా చాక్లెట్లు ఎందుకు తినడం లేదో. పంటి నొప్పేమో అనుకున్నాం. డాక్టర్‌కి చూపిద్దాం అనుకున్నాం. ఆరేళ్ళ పిల్ల మూడు నెలలుగా ఒక మనిషిని చంపిన పాపం నెత్తిన పెట్టుకుని తిరుగుతోంది మా ఇంట్లో. మేమేమో దాన్ని మంచి పిల్ల, మర్చిపోయింది అని మెచ్చుకుంటున్నాం. కోపం వచ్చింది నాకు. ఎవరి మీదో తెలియదు. దేవుడి మీద కూడా వచ్చింది. విని ఊరుకుంటావా రోజూ, అలమరలో కూర్చుని?

రెండో రియాక్షన్. మరిది అట. వీడు బాగా చేస్తాడు, వీడికి తండ్రి పోయాడు. శాంతకీ ప్రభాకర్‌కీ దీని మీదే ఒకసారి వాదన అయింది, అప్పుడు నేను కల్పించుకోలేదు. "పోయాక ఏమీ ఉండదు శాంతా, ఉన్నదున్నట్టు చెబుదాం" అన్నాడు వాడు. "అంత చిన్న పోరికి గట్ల చెప్తరా ఎవరన్నా? దేవుని దగ్గరున్నడు, దండం పెట్టుకో అంటే దానికింత ధైర్యముంటది" అంది శాంత. బోరబండలో దాని పుట్టింట్లో ఎవరు పోయినా పిల్లలకి అలాగే చెబుతారట. "మీరన్న చెప్పుండ్రి అత్తమ్మా" అని నా వైపు తిరిగింది. నేనేం చెప్పను. ఆయనకి ఆయాసం ఎక్కువైనప్పుడు పెద్దమ్మ గుడి మెట్ల మీద కొబ్బరికాయ కొట్టాను, యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు దగ్గర ఆటో దిగి చెప్పులు లేకుండా నడిచాను, ఆయన్ని ఒక్క సంక్రాంతి వరకైనా ఉంచమన్నాను. ఉంచలేదు. అలాగని మానానా? మానలేదు. ఇప్పటికీ దీపం పెడతాను. ఎందుకు పెడతానంటే చెప్పలేను. ఒంటరిగా వంటింట్లో కూర్చుని పిచ్చిదానిలా మాట్లాడుకోవడం కన్నా దీపం ముందు మాట్లాడుకోవడం నయం అనిపిస్తుంది. ఆయన సంగతులే చెబుతాను. ఇవాళ వంకాయ వండాను, మీకిష్టమని, మిగిలిపోయింది అని. వినేవాళ్ళుంటే వింటారు. ఇది భక్తి అవుతుందో కాదో నాకు తెలియదు, డైలాగు రాసివ్వలేదు ఎవరూ.

అంతా బాగానే ఉంది, ఇప్పుడు సంగతి ఏమిటి? నా క్లోజప్ అయ్యాక డైరెక్టర్ నవ్వు షాట్ అంటాడు, ఇది పరిగెత్తుకొచ్చి పిలుస్తుంది. పిలవగానే నేను లేస్తే ఏమవుతుంది? చూశావా, పిలిస్తే లేస్తారు, నేను పిలవకపోబట్టే తాతయ్య లేవలేదు అని దాని గుండెలో మేకు దిగిపోతుంది. పెద్దయ్యాక బుద్ధికి తెలుస్తుందిలే అనుకుందామా? బుద్ధికి తెలిసినా గుండెకి తెలియని సంగతులు నాకు బోలెడున్నాయి. పోనీ పిలిచినా లేవకుండా పడుకుంటే? అది కెవ్వున అరుస్తుంది. ఆదివారాలు ఆయన లేవనప్పుడు మారేది చూశారా, ఆ గొంతు, అది నేను వినలేను. లేచినా తప్పే, లేవకపోయినా తప్పే. ఇంటికెళ్ళాక చెబుదాం అనుకుంటే, అప్పటికి మేకు దిగిపోయి ఉంటుంది. ఇక్కడే చెప్పాలి. ఈ చాప మీదే చెప్పాలి. ఏమని? తాతయ్య ఇంక రాడు అంటే, నేను పిలవలేదుగా అంటుంది. అదొక్కటే దాని మాట. ఆ రోజు ఎవరైనా పిలిచి ఉంటే...

పిలిచారు కదా! ఒళ్ళు జలదరించింది, దండ కదిలిందేమో. ఎవరూ చూడలేదు. పిలిచాడు కదా ప్రభాకర్. దింపుడు కల్లం దగ్గర. ఆడవాళ్ళం వెళ్ళలేదు, వాడే పదో రోజు నా పక్కన కూర్చుని చెప్పాడు. వ్యాను శ్మశానానికి కొంచెం ఇవతల ఆపి, పాడెను రోడ్డు పక్కన దించారట. చెవిలో పిలవమన్నారట అయ్యగారు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే సొంతమనిషి పిలుపుకి తిరిగొస్తుందని, ఎవరు పోయినా చేసేదే. ఏమీ ఉండదనేవాడు, వాడు, నా కొడుకు, మోకాళ్ళ మీద కూర్చుని తండ్రి చెవిలో నోరు పెట్టి పిలిచాడట. నాన్నా అని ఒకసారి. నాన్నా అని ఇంకోసారి. "మూడోసారి గొంతు రాలేదమ్మా, అయినా పిలిచాను, లేస్తాడేమోనని ఒక్క క్షణం నిజంగా అనుకున్నాను" అని నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చాడు. రోజంతా డబ్బింగ్ థియేటర్లో జనం గొంతులు రికార్డు చేసేవాడు వాడు. ఈ సంగతి విశాలికి ఎవరూ చెప్పలేదు. చిన్నపిల్ల ముందు శ్మశానం మాటలు ఎత్తకూడదని. దానికి కావలసింది అదొక్కటే కదా, మేము దాచిపెట్టింది అదే.

"లాస్ట్, అమ్మ క్లోజప్. కెమెరా అలాగే రన్ అవనివ్వండి, మధ్యలో కట్ చెప్పను, డైరెక్ట్‌గా నవ్వు షాట్‌కి వెళ్దాం. ఏం విశాలమ్మా, నువ్వు పిలుస్తావా నానమ్మని?" మహానుభావుడు చంద్రశేఖర్, పిల్లకి సరదా తీరుస్తున్నాడు. "ఆఁ, నేనే!" స్టూల్ దిగింది. పట్టీలు. ఇటే వస్తోంది. ట్రాలీ కూడా ఇటే వస్తోంది, చక్రాల కింద పలక కిరకిరలాడుతోంది. లైటు వేడి మొహం మీదికొచ్చింది. ఊపిరి బిగబట్టాను. ఇన్నేళ్ళలో ఒక్క టేక్‌లోనూ కదలలేదు నేను, దోమ కుట్టినా కదలలేదు, ఒకసారి హారతి నిప్పు చెయ్యి మీద పడినా కదలలేదు. ఈ పేరు నాకు ఎవరూ ఊరికే ఇవ్వలేదు. పట్టీలు ఆగాయి, నా చెవి దగ్గర. చిన్నగా ఊపిరి తీసుకుంటోంది, పిలవడానికి. పోతే పోయింది పేరు. ఆ పిలుపు దాని నోట్లోంచి రాకూడదు.

కళ్ళు తెరిచాను.

"అయ్యో అమ్మా! టేక్ మధ్యలో..." చంద్రశేఖర్ తల పట్టుకున్నాడు. దవడ గుడ్డ కిందికి లాగేసుకుని లేచి కూర్చున్నాను. "ఒక్క నిమిషం బాబూ. తిట్టేదుంటే తర్వాత తిట్టుకో" అన్నాను. విశాలి మూతి బిగించి నా మీద విరుచుకుపడింది.

"నేనింకా పిలవనేలేదు!"

"పిలవక్కర్లేదే. నేను పోలేదు. బతికే ఉన్నాను, అందుకని లేచాను. చెయ్యి ఇటు తే." దూది పీకేసి దాని వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. "ఏముంది?"

"గాలి."

"పడుకున్నంతసేపూ ఉంది. దండ కింద దాచుకున్నాను. తాతయ్య ఆటలో పడుకున్నప్పుడు పొట్ట ఎగిరేది గుర్తుందా? అదీ గాలే. ఆ రోజు తాతయ్యకి గాలి లేదు."

"నేను పిలవలేదు కదా. అందుకే."

"మీ నాన్న పిలిచాడు."

అది నా మొహంలోకి చూసింది. అబద్ధం చెబుతున్నానేమోనని వెతికింది. నేనూ తల తిప్పలేదు.

"తీసుకెళ్తూ దారిలో కిందికి దించారు. ఎవరు పోయినా అలాగే దించుతారు. ఒకవేళ బతికి ఉంటే లేస్తారని చెవిలో పిలుస్తారు. మీ నాన్న మోకాళ్ళ మీద కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి పిలిచాడు. మూడుసార్లు."

"గట్టిగా?"

"గొంతు పోయేంత గట్టిగా."

"నవ్వు షాట్ అన్నాడా?"

అన్నాడని చెబితే అయిపోయేది. చెప్పలేదు నేను. "లేదు. నాన్నా అన్నాడు. సొంత కొడుకు నాన్నా అని పిలిస్తే లేవనివాడు, ఇంకెవరు ఏమని పిలిచినా లేవడు. నువ్వున్నా లేచేవాడు కాదు. నిజంగా పోయాడమ్మా తాతయ్య. అందులో నీ తప్పు ఆవగింజంత కూడా లేదు. వింటున్నావా? ఆవగింజంత."

అప్పుడు ఏడ్చింది. మూడు నెలల తర్వాత, పెద్దకోడలికి రాని ఏడుపు, లోపల్నుంచి. నా మెడ పట్టుకుని, పూలదండ నలిగిపోయేలా. నేనూ ఏడ్చాను, పసుపు కారి చీర మీద పడింది. లైట్‌బాయ్‌లు తలలు తిప్పుకున్నారు. భిక్షం టిష్యూలు తెచ్చి దూరంగా నిలబడ్డాడు. కాసేపటికి ముక్కు నా చెంగుకే తుడుచుకుని, "మరి స్వర్గంలో ఉన్నాడా?" అంది.

శాంత అయితే ఉన్నాడనేది. ప్రభాకర్ అయితే లేడనేవాడు. "నాకు తెలియదే. నేను వెళ్ళి చూడలేదు. మీ తాతయ్య కూడా చూడకుండానే అన్నిసార్లు రంగులేశాడు. ఉంటే బాగుండునని మాత్రం నాకుంది. అందుకే రోజూ దీపం పెట్టి అడుగుతుంటాను."

"అడగొచ్చా?"

"ఎన్నిసార్లయినా అడగొచ్చు. తెచ్చివ్వమని కాదు. బాగుండాలని."

అది నా ఒళ్ళోంచి దిగి వెళ్ళింది. ఎక్కడికా అని చూస్తే, ఆ మూల పూజగదికి. ఫైబర్ వెంకటేశ్వరస్వామి ముందు నిలబడి చేతులు జోడించింది. సైలెన్స్ అని ఎవరూ అనలేదు, అయినా దాని మాట నా చాప దాకా వినబడింది.

"దేవుడా, తాతయ్యని ఇంక పిలవొద్దులే. మా నాన్న పిలిచిండంట. స్వర్గం ఉంటే మాత్రం తాతయ్యకి తేలికైన బ్రష్ ఇవ్వు, బరువుదిస్తే భుజం నొప్పి పెడుతుంది. వెనకవైపు కూడా రంగెయ్యమను. నేను ఇవాళ్టి నుంచి చాక్లెట్ తింటా."

చంద్రశేఖర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. క్లోజప్ మళ్ళీ తీయాలి, పసుపు మళ్ళీ రాయాలి, సాయంత్రం దాకా పని. "అమ్మా, మరి... కెమెరా రన్ అవుతూనే ఉంది" అన్నాడు మొహమాటంగా. నవ్వు తీయకుండా వదిలేయడానికి ఆయనకి మనసొప్పడం లేదు, నాకు తెలుసు. నవ్వుదామని చూశాను. రాలేదు. ఏడుపుని క్షణంలో తెచ్చుకునే మొహం, నవ్వు మాత్రం ఎక్కడ పెట్టానో కనబడలేదు. విశాలి తిరిగొచ్చి చాప అంచున కూర్చుంది. నా కాలి బొటనవేళ్ళ దారం ముడి విప్పుతూ, తల ఎత్తకుండానే అంది.

"నవ్వు నానమ్మా. నువ్వున్నవ్ కదా."

కెమెరాలోకి చూసి నవ్వాను.